మైకు ఆగిన ఎండాకాలం

తొంభై ఆరు ఎన్నికల దాకా మా వ్యాను తెల్లగా ఉండేది.

గుడియాత్తంలో మా మామ బలరామయ్య కట్టడాల మేస్త్రీ. వేలూరులో వీధికొక లాడ్జీ, కాట్పాడి వైపు కాలేజీ కట్టడాలు లేస్తున్న రోజులవి. పరదరామి చుట్టుపక్కల పల్లెల నుంచి కూలీలను ఎక్కించుకుని వేలూరులో దించడానికి ఆయన ఒక డీజిల్ వ్యాను కొన్నాడు. దాన్ని నడిపేది ఆయన కొడుకు, నా భర్త ప్రభాకరన్. మాకు పెళ్ళయి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

ఓట్లు దగ్గర పడేసరికి ఊళ్ళో చక్రాలున్న ప్రతిదానికీ గిరాకీ వచ్చింది. శివలింగం అనే పార్టీ మనిషి మా ఇంటికొచ్చి ప్రచారానికి వ్యాను కావాలని అడిగాడు. మా మామ ఉబ్బిపోయాడు. రేపు వీళ్ళు గెలిస్తే కట్టడాల పనులు తన్నుకుంటూ వస్తాయని ఆయన ఆశ. ప్రభాకరన్ ఉత్సాహం ఇంకా ఎక్కువ. రంగులు వేసేవాణ్ణి పిలవకుండా స్ప్రే గన్ను అద్దెకు తెచ్చుకుని, ఇంటిముందు వీధిలోనే వ్యానుకు పార్టీ రంగులు కొట్టాడు. బ్యాటరీ దించాడు, అడ్డొచ్చిన వైర్లు విప్పాడు, ఇంజను చుట్టూ ఉన్న ఇనుము కూడా నిగనిగలాడేలా కొట్టి, మళ్ళీ అన్నీ బిగించాడు. పైన హారన్ స్పీకర్లు కట్టారు. సీట్ల మధ్య ఆంప్లిఫయర్ పెట్టారు. వీధి వీధంతా వచ్చి చూసి మెచ్చుకుంది.

ఆ మరునాటి నుంచి వ్యాను తోస్తే తప్ప స్టార్ట్ కాలేదు.

మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ప్రభాకరన్ దారిన పోయేవాళ్ళను కేకేసి తోయించుకునేవాడు. మనుషులు దొరకని పొద్దుల్లో నేనూ మా అత్త కుప్పమ్మా కొంగులు బిగించి తోసేవాళ్ళం. పైన నాయకుడి బొమ్మ చేతులు జోడించి నవ్వుతుంటే, వెనక ఇద్దరు ఆడవాళ్ళు చెమటలు కార్చుకుంటూ తోయడం చూసి అరుగుల మీద కూర్చున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. సాయంత్రానికి మైకు గొంతు సన్నబడేది. గురగురమని ఆగిపోయేది. కొత్త బ్యాటరీ వేశారు, అదీ నీరసించింది. వేలూరు నుంచి మెకానిక్ వచ్చి ఫ్యాన్ బెల్టు మార్చి పోయాడు. ఏమీ మారలేదు.

"మేయ్, మీ నాయన్ని పిలిపించు" అన్నాడు ప్రభాకరన్ చివరికి. 

మా నాయన వెంకటాద్రికి కాట్పాడి స్టేషన్ పక్కన బ్యాటరీ అంగడి ఉంది. బ్యాటరీలకు ప్రాణం పోయడం, వండ్లలో, అంటే బండ్లలో, చార్జింగు సరిచేయడం ఆయన పని. చేతులకు సీసం నలుపు పట్టేసి ఉంటుంది. ఏ చొక్కా వేసుకున్నా ఆసిడ్ చిల్లులే. నేను ఆ అంగట్లోనే పెరిగాను. కానీ పెళ్ళయ్యాక ఆయన గుడియాత్తం వచ్చినప్పుడల్లా, ఇంట్లోవాళ్ళ కళ్ళు ఆ చిల్లుల మీద పడతాయేమోనని బిక్కుబిక్కుమంటూ ఉండేదాన్ని. నన్ను పెంచిన మనిషిని చూసి నేనే ముడుచుకుపోతున్నానని తెలిసి సిగ్గేసేది. సిగ్గేసినా ఆ బెరుకు పోయేది కాదు.

ఆయన చెక్కపెట్టె పట్టుకుని వచ్చాడు. ఇంజను ఆన్ చేయించి, వోల్టేజి చూపే ముల్లు మీటరు తీసి, దాని వైర్లు బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరుకు ఆనించాడు. మీటరును ఎండకేసి తిప్పాడు. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"ఆల్టర్నేటరు లోపల రెగ్యులేటరు పోయుండాది మాప్ళే. నేను తీసకపోయి మార్చుకొని వస్తా" అన్నాడు అల్లుడితో.

తీసుకుపోయాడు. మార్చి తెచ్చి బిగించాడు. మళ్ళీ మీటరును ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఇంక భయం లేదు" అన్నాడు. మా మామ కూడా ఆరోజు ఆయన్ను కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. నేను గోడచాటు నుంచి చూసి ఊపిరి పీల్చుకున్నాను.

పరదరామి సభకు మా వీధి ఆడవాళ్ళందరినీ శివలింగం వ్యానెక్కించాడు, అభ్యర్థికి హారతి పట్టడానికి. పట్టుచీరలు కట్టుకుని పోయాం. దారి పొడుగునా పాటలు బాగానే మోగాయి. పొద్దు వాలే వేళకు జనం బాగా చేరారు. అభ్యర్థి వ్యాను మెట్టు మీద నిలబడి మైకు అందుకుని, "మీ ఇంటి బిడ్డగా..." అని మొదలుపెట్టాడు. బిడ్డ అన్న మాట హారన్లలోంచి సాగి, సన్నగై, ఆగిపోయింది.

ఆయన మైకును తట్టాడు. నోరు కదులుతోంది, మాట రావడం లేదు.

"అయ్యకు గొంతు పట్టేసిందప్పా, కషాయం తీసకరాండి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. జనం గొల్లుమన్నారు. ఎదుటి పార్టీ కుర్రాళ్ళు ఈలలు వేశారు. అభ్యర్థి మెట్టు దిగి, ఎవరి ముఖమూ చూడకుండా తన జీపెక్కి వెళ్ళిపోయాడు.

శివలింగం నేరుగా వ్యాను తలుపు తెరిచి ప్రభాకరన్‌ను కిందికి లాగి చెంప మీద కొట్టాడు. హారతి పళ్ళెం చేతిలో పట్టుకుని నేను అక్కడే ఉన్నాను.

"వాళ్ళకు అమ్ముడుపోయినావా రా? రోజూ సరిగ్గా నాయకుడు నోరు తెరిచేటప్పుడే ఆగిపోతుండాదే, మాకు తెలీదనుకొన్నావా?"

ప్రభాకరన్ చెంప మీద చెయ్యి కూడా వేసుకోలేదు.  తిరిగి రావడానికి వ్యానును పట్టుచీరల్లో ఉన్న మేమే తోశాం. 

ఇంట్లో మా మామ అరుగు మీదే కాచుకుని ఉన్నాడు. వ్యాను కంటే ముందు వార్త చేరింది.

"సీసం కరగబోసుకొనేవాడి చేతికి వండి ఇస్తే ఇంకెట్లుంటాది" అన్నాడు నన్ను చూడకుండా. "నా కొడుకును నడివీధిలో కొట్టిచ్చినాడు గదా."

కుప్పమ్మ "అబ్బ, ఊరుకోవయ్యా" అంది. నేను వంటింట్లోకి పోయి పొయ్యి ముందు నిలబడ్డాను. నాయన తరఫున ఒక్క మాటైనా అందామనుకున్నాను. కానీ మార్చానని, సరిపోయిందని చెప్పింది ఆయనే కదా.

మరునాడు ఎస్టీడీ బూతు నుంచి నాయన అంగడి పక్కనున్న టీకొట్టుకు ఫోన్ చేసి పిలిపించాను. జరిగింది చెప్పాను. చెంపదెబ్బ సంగతి కూడా చెప్పాను.

 "నిన్నెవురన్నా ఏమన్నా అన్నారా తల్లీ?" అని అడిగాడు.

"లేదు నాయనా."

"వస్తుండా" అన్నాడు.

ఆయన వచ్చేసరికి తండ్రీకొడుకులు ఇద్దరూ పార్టీ ఆఫీసుకు బతిమాలుకోవడానికి పోయి ఉన్నారు. వీధిలో ఎదురింటి అరుగు మీద ఇద్దరు ముగ్గురు కూర్చుని ఇటే చూస్తున్నారు. నాయన బ్యాటరీ మార్పించి, వాళ్ళ చేత వ్యాను తోయించి, నన్ను ఇంజను ఆన్ చేయమన్నాడు, హెడ్‌లైట్లు వేయమన్నాడు. మీటరు తీసి ఆల్టర్నేటరు దగ్గర వంగాడు. ఎండకేసి తిప్పాడు. మళ్ళీ ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. నేను సీట్లోంచి అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను.

"తల్లీ, ఇట్రా" అన్నాడు, ఎదురింటివాళ్ళకు వినపడనంత చిన్నగా.

దిగి పోయాను.

"ముల్లు యాడుండాది?"

మీటరు ఆయన చేతిలోనే ఉంది. నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన నన్ను కాదు, నా అడుగుల చప్పుడు వచ్చిన వైపును చూస్తున్నాడు. కంటిపాపల మీద సున్నపునీళ్ళ లాంటి తెలుపు. ఎప్పటి నుంచి ఉందో, నేను ఎందుకు చూడలేదో.

"పద్నాలుగు మీద ఉండాది నాయనా" అన్నాను.

"ఊఁ. పద్నాలుగైతే ఆల్టర్నేటరు మంచిదే. అనవసరంగా మార్చినా." మీటరు నా చేతికిచ్చాడు. "ఇప్పుడు బ్యాటరీ మీద పెట్టి చూడు."

పెట్టాను. "పన్నెండు."

"ఆడ పద్నాలుగు, ఈడ పన్నెండు. నడి మధ్యలో రెండు యాడికి పాయె?"

చిన్నప్పుడు అంగట్లో అడిగినట్టే అడిగాడు. నా చెయ్యి దానంతటదే కదిలింది. ఆల్టర్నేటరు పెద్ద వైరుకూ బ్యాటరీ ప్లస్సుకూ మధ్య మీటరు పెట్టాను. ముల్లు కదలలేదు. అంటే ఆ దారి బాగుంది. తర్వాత బ్యాటరీ మైనస్సుకూ ఇంజను ఇనుముకూ మధ్య పెట్టాను. ఇక్కడా కదలకూడదు. లేచి రెండు దగ్గర నిలబడింది.

"ఎర్తు" అన్నాన్నేను. కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి అది.

"ఎర్తు" అన్నాడాయన కూడా. ఇంజను ఆపి ఒకసారి సెల్ఫు స్టార్టరు కొట్టమన్నాడు. అది మూలిగి ఆగాక, యాక్సిలరేటర్ కేబుల్ వెతికి పట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "కాలతుండాది చూడు. కరెంటుకు సరైన దారి దొరక్క దీంట్లో దూరి పోతుండాది."

ఇంజను నుంచి ఛాసిస్‌కు, అంటే వ్యాను అడుగు చట్రానికి, పోయే జడ లాంటి ఎర్తు వైరు ఒకటి ఉంటుంది. దాని బోల్టు విప్పాను. వైరు కొస కిందా, ఛాసిస్ మీదా దట్టంగా రంగు. ఆకుపచ్చగా, అద్దంలా మెరుస్తోంది. రంగు కొట్టి, అది ఆరాక, దాని మీదే వైరు బిగించేశారు. ఇనుముకు ఇనుము తగలడమే లేదు.

బ్లేడుతో గీకుతూ నేను అడిగాను. "కన్ను ఎప్పటి నుంచి నాయనా?"

"పోయిన దీపావళి నుంచి. టపాకాయల పొగ అనుకొన్నా. అందరికీ పోయింది గాని నాకు మాత్రం పోలా." ఎదురింటి వైపు తల తిప్పి, "ఎవురికీ చెప్పమాకమ్మా. ముల్లు కనపడదని తెలిస్తే అంగడికి ఎవురొస్తారు?" అన్నాడు.

బోల్టు బిగించి సెల్ఫు కొట్టాను. ఒక్క విసురుకే ఇంజను పట్టుకుంది. బ్యాటరీ మీద ముల్లు పద్నాలుగుకు లేచింది.

ఇంజను శబ్దానికే అనుకుంటా, వీధి మలుపులో ప్రభాకరన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. నా చేతిలో బ్లేడు, నేల మీద ఆకుపచ్చ పెళ్ళలు చూసి ఆగిపోయాడు. ఆ బోల్టు బిగించిన చేతులు అతనివే.

"రంగు బాగానే కొట్టినావు మాప్ళే" అన్నాడు నాయన మెల్లగా. "ఈ ఒక్క చోట మాత్రం వదలాల్సింది. పరవాలేదు, సరిపాయె."

నాయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోగానే ప్రభాకరన్ నా పక్కకు వచ్చాడు. "మేయ్, మా నాయనకు ఇది తెలియనీయొద్దు. ఇప్పటికే నా ముఖం చూడడం లేదు."

అంతకు కాసేపటి ముందే ఇంకొకాయన కూడా నన్ను మాట దాచమన్నాడు. నేను ఇద్దరికీ సరేనన్నాను.

సాయంత్రం శివలింగం మనుషులతో వచ్చాడు. మా మామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వీధివాళ్ళంతా చేరారు. శివలింగం పళ్ళెంలో కర్పూరం వెలిగించి అరుగు మీద పెట్టాడు.

"గంగమ్మ మీద ఆన. చేత్తో ఆర్పి చెప్పు, వాళ్ళ దగ్గరికి పోలేదని. వండిని కావాలని ఆపలేదని."

సొంత వీధిలో, సొంత గడప ముందు ఇలా ప్రమాణం చేయమనడం కంటే మేస్త్రీకి ఇంకేం అవమానం కావాలి? మా మామ తల దించుకున్నాడు. ప్రభాకరన్ చెయ్యి చాపాడు. అతను అమ్ముడుపోలేదు, ఆ మాట నిజంగానే చెప్పొచ్చు. కానీ ఆపింది తన చేతులేనని అతనికి తెలుసు. కావాలని ఆపకపోయినా ఆ చెయ్యి మంట మీద వణికింది.

"వణుకుతుండాది చూడండప్పా!" అన్నాడు శివలింగం.

"అయ్యా, నిలపండి."

మా నాయన తడుముకుంటూ ముందుకు వచ్చాడు. "ఆయన తప్పేం లేదయ్యా. తప్పు నాది. నాకు కన్ను సరిగా కనపడదు. మీటరు ముల్లు యాడుండాదో తెలీకుండానే సరిపాయెనని చెప్పినా. అందుకే మొన్న మైకు ఆగిపాయె. ఈ పొద్దు నా కూతురు చూసి చెప్పినాక సరిచేసినా. కావాలంటే పెట్టి చూడండి."

నేను ప్రభాకరన్ వైపు చూశాను. రంగు అన్న ఒక్క మాట చాలు. అతను కర్పూరం వైపే చూస్తున్నాడు. దాని మంట చిన్నదై, పళ్ళెంలో నల్లటి మచ్చ మిగిలి, దానంతటదే ఆరిపోయింది. అతను నోరు తెరవలేదు.

శివలింగం పకపకా నవ్వాడు. "మేస్త్రీ, గుడ్డోడి చేతికి వండి ఇచ్చి మా తలకాయలు తిన్నారు గదా!" వీధి మొత్తం నవ్వింది. ఎవరో మైకు పెట్టారు. పాట గట్టిగా మోగింది. మా మామ తల ఎత్తాడు. "ఊరికే నా కొడుకు మీద పడినారు" అన్నాడు అందరికీ వినపడేలా.

నాయన తన సామాన్లను ఒక్కొక్కటిగా తడిమి పెట్టెలో పెట్టుకుంటున్నాడు. స్క్రూడ్రైవరు దూరంగా పడిపోతే తీసిచ్చాను. అతన్ని కాపాడడానికి ఈయన తన పొట్ట మీద తనే కొట్టుకున్నాడు. అది తెలిసింది మా ముగ్గురికే.

నేను రెండు చీరలు సంచిలో పెట్టుకుని ఆయనతో బయల్దేరాను. కుప్పమ్మ అడ్డు రాలేదు. ప్రభాకరన్ వాకిట్లో నిలబడి చూశాడు.

కాట్పాడికి కబురు మాకంటే ముందే పోయింది. చాలామంది రావడం మానేశారు. వచ్చినవాళ్ళు కూడా నాయనతో గట్టిగా అరిచినట్టు మాట్లాడేవాళ్ళు, కన్నుతో పాటు చెవీ పోయినట్టు. నేను మీటరు పట్టుకుంటే డ్రైవర్లు ముఖాలు చూసుకునేవాళ్ళు. "ఈయమ్మా చూసేది?" అని ఒకడు బ్యాటరీ మోసుకుని వెనక్కి పోయాడు.  వేలూరు ఆసుపత్రిలో నాయన కంటికి ఆపరేషను చేయించాను. మనుషులు తెలిశారు, బస్సు బోర్డు తెలిసింది. ముల్లు మాత్రం రెండుగా కనిపిస్తోందన్నాడు.

ఎన్నికలు అయిపోయాయి. ఆడి మాసం వచ్చింది. కొత్త కోడళ్ళు పుట్టింటికి వచ్చే నెల కాబట్టి చుట్టుపక్కలవాళ్ళు నన్నేమీ అడగలేదు. ఆడి పోయి ఆవణి వచ్చాక అడగడం మొదలుపెట్టారు. 

అప్పుడు ఒకరోజు ప్రభాకరన్ వచ్చాడు. వ్యానుకు మళ్ళీ తెల్లరంగు వేయించినట్టున్నాడు. నాయన లోపల బ్యాటరీలకు నీళ్ళు పోస్తున్నాడు. ప్రభాకరన్ బయట బెంచీ మీద కూర్చున్నాడు. లారీ డ్రైవరు ఒకడు ఆగి అతన్నే అడిగాడు. "ఏమన్నా, ఈడ ముసలాయనకు కన్ను కనపడదంట గదా, పని ఇయ్యొచ్చా?"

ప్రభాకరన్ అటూ ఇటూ చూశాడు. "ఇయ్యొచ్చు. నా వండి ఈడనే సరిపోయింది. ఎర్తు మీద రంగు కొట్టింది నేనే. ఆయన్ది తప్పు కాదు" అన్నాడు.

డ్రైవరుకు అదేమీ అర్థం కాలేదు. సరేనని లారీ తీసుకురావడానికి పోయాడు. ప్రభాకరన్ నా వైపు చూశాడు, ఏదో గెలిచినవాడిలా.

"ముక్కూ ముఖం తెలీనోడితో చెప్పినావు" అన్నాను. "మీ వీధిలో, మీ నాయన ముందర చెప్పు. అప్పుడొస్తా."

అతని ముఖం వాడిపోయింది. నాయన బయటికి వచ్చి "రా మాప్ళే, కాఫీ తాగుదువు" అనేసరికి లేచి, పనుందని వెళ్ళిపోయాడు. ఆ పిరికితనాన్ని నాయన చూడలేదు. నేను చూశాను. 

కొన్నాళ్ళకు కుప్పమ్మ ఒక్కతే బస్సెక్కి వచ్చింది. అంగడి గడప మీద కూలబడి, నీళ్ళు తాగి, అప్పుడు చెప్పింది.

"చెప్పేసినాడమ్మా. పొద్దున్నే కూలీలంతా వండెక్కతుంటే, నడివీధిలో నిలబడి వాళ్ళ నాయనకు చెప్పినాడు. రంగు నేనే కొట్టినా, ఎర్తు చెడింది నా వల్లే, కాట్పాడి మామ నన్ను కాపాడేదానికి మాట పడినాడు అని. మీ మామ ఆ పొద్దంతా అన్నం ముట్టలేదు."

నాయన విన్నాడు. పంచె కొసతో కళ్ళు తుడుచుకుని, "ఎందుకు చెప్పినాడో పాపం" అన్నాడు.

నేను గుడియాత్తానికి వస్తానన్నాను. కానీ రోజూ అంగడికి వచ్చి పోతానన్నాను. "మీ మామ ఒప్పుకోడే" అంది కుప్పమ్మ. తర్వాత, "నేను మాట్లాడతాలే" అంది. ఏం మాట్లాడిందో నాకు తెలియదు.

మొదటి రోజు నన్ను స్టేషనుకు తీసుకుపోయింది మా మామే. గొడుగు పట్టుకుని నాలుగడుగులు ముందు నడిచాడు. ప్లాట్‌ఫారం మీద ఆయనకు తెలిసిన సిమెంటు అంగడాయన ఎదురయ్యాడు.

"ఏం మేస్త్రీ, కోడల్ని పుట్టింటికి పంపిస్తుండావా?"

మా మామ పట్టాల వైపు చూశాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "కాదప్పా. వాళ్ళ నాయన అంగట్లో పనికి పోతుండాది. వండ్లకు చార్జింగు చూసే పని" అన్నాడు. గొంతు బాగా తగ్గించి చెప్పాడు.

ఆయన ఇంకా ఏదో అడగబోయాడు. అంతలో ప్యాసింజరు వచ్చింది. "సాయంత్రం బండికి వచ్చేయమ్మా" అన్నాడు మా మామ, నా ముఖం చూడకుండా.

ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. సిమెంటు అంగడాయన నవ్వుతూ ఏదో అంటున్నాడు. మా మామ గొడుగు కొసను నేలకు ఆనించి తల వంచుకుని వింటున్నాడు. ఆ తల నా వల్లే వంగిందని నాకు తెలుసు. రైలు కదిలేదాకా ఆ తలనే చూశాను. దిగిపోవాలని మాత్రం అనిపించలేదు.